మన ఏకారానికి ఓన్లీ చాలదు

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కాల్‌లో జరిగిన చిన్న సంగతి ఇది. ఇటు హైదరాబాదులో పని చేసే బృందం, అటు అమెరికాలో పని చేయించుకునేవాళ్లు. ఫలానా మార్పు ఎప్పటికి చేతికొస్తుందని అటునుంచి అడిగారు. ఇటు కుర్రాడు హుషారుగా 'వుయ్ విల్ గివ్ ఇట్ ఆన్ ఫ్రైడే ఓన్లీ' అన్నాడు. అతని మనసులో ఉన్న మాట 'శుక్రవారమే ఇచ్చేస్తాం'. వచ్చే వారం దాకా ఆగక్కర్లేదు, ఈ వారంలోనే అయిపోతుందని భరోసా ఇస్తున్నాడు. అవతలివాళ్లకు మాత్రం 'శుక్రవారం గానీ ఇవ్వలేం' అని వినిపించింది. కాస్త ముందుగా కుదరదా అని వాళ్లు, ముందే ఇస్తానంటున్నాను కదా అని ఇతను. ఒకరి మాట ఒకరికి అందడానికి చాలాసేపు పట్టింది.

ఆ వాక్యంలో వ్యాకరణ దోషం వెతికితే దొరకదు. ప్రతి మాటా నిఘంటువులో ఉన్నదే, ఉండాల్సిన వరసలోనే ఉంది. అయినా అర్థం తలకిందులైంది. చెప్పినవాడు 'త్వరగా' అన్నాడు, విన్నవాళ్లకు 'ఆలస్యంగా' అని చేరింది.

ఇలాంటి వాక్యాల గురించి స్పోకెన్ ఇంగ్లీషు పాఠాల్లో ఒక సలహా తరచుగా వినబడుతుంది: వాక్యం చివర ఓన్లీ పెట్టకండి. ఈ సలహాతో నాకు పేచీ ఉంది. తప్పు ఎక్కడ పుడుతోందో అది చెప్పదు. చివరి నుంచి తీసి మధ్యలో పెట్టి 'వుయ్ విల్ ఓన్లీ గివ్ ఇట్ ఆన్ ఫ్రైడే' అంటే ఆ అమెరికా మనిషికి అదే తప్పుడు అర్థం ఇంకా గట్టిగా తగులుతుంది. పూర్తిగా మానేసి 'ఆన్ ఫ్రైడే' అని ఊరుకుంటే 'శుక్రవారమే' అన్నప్పుడు మనం ఇచ్చే భరోసా ఆవిరైపోతుంది. అసలు చిక్కు ఓన్లీ కూర్చునే చోటులో లేదు. తెలుగులో మాట చివర చేరే ఏ అనే ఒక్క అచ్చు, 'శుక్రవారమే'లో ఉన్న ఆ ఏకారం, అరడజను పనులు చేస్తుంది. ఇంగ్లీషులో ప్రధానంగా ఒకే పని చేసే ఓన్లీ నెత్తిన మనం ఆ అరడజనూ పెడుతున్నాం. ఏ పనికి ఇంగ్లీషులో ఏ పనిముట్టు ఉందో విడివిడిగా నేర్పితే తప్ప ఇది సర్దుకోదన్నది నా అభిప్రాయం.

బడిలో కుదిరిన లెక్క

ఈ పొరపాటు తెలివితక్కువతనంతో వచ్చింది కాదు. నికార్సైన తర్కంతోనే వచ్చింది. బడిలో ఓన్లీ అంటే 'మాత్రమే' అని నేర్పుతారు. అది సరైనదే. 'ఇద్దరు మాత్రమే వచ్చారు' అన్నా 'ఇద్దరే వచ్చారు' అన్నా ఒకటేనని పిల్లలకు పుట్టుకతో తెలుసు. అదీ సరైనదే. కాబట్టి ఏ అంటే ఓన్లీ అని మూడో మెట్టు తమంతట తామే ఎక్కుతారు. కాలు జారేది అక్కడ. 'మాత్రమే' ఉన్న చోటల్లా ఏ పెట్టొచ్చు గానీ, ఏ ఉన్న చోటల్లా 'మాత్రమే' పట్టదు. 'బాగానే ఉంది' అంటాం, 'బాగా మాత్రమే ఉంది' అనం. 'నిజమే' అంటాం, 'నిజం మాత్రమే' అంటే అది వేరే మాట. తెలుగులోనే అతకని చోట ఇంగ్లీషులో ఎలా అతుకుతుంది?

ఇంగ్లీషు మాట పుట్టుక చూసినా ఇది తెలుస్తుంది. ఓన్లీలో ఉన్నది 'వన్'. పాత ఇంగ్లీషులో 'ఒకటి' అనే మాటకు 'వంటిది' అనే ప్రత్యయం చేరి ఏర్పడిన పదం అది. 'అలోన్' కూడా అదే ఇంటిది: 'ఆల్' ప్లస్ 'వన్'. అంటే ఓన్లీ కడుపులో ఉన్న భావం ఏకత్వం: ఇదొక్కటి, ఇంకోటి లేదు. మన ఏకారానికి వ్యాకరణాలు పెట్టిన పేరు అవధారణార్థకం. అవధారణ అంటే నిశ్చయం, తేల్చి చెప్పడం. తేల్చి చెప్పడంలో 'ఇంకోటి లేదు' అనేది ఒక రకం. రకాలు ఇంకా ఉన్నాయి.

పార్థుడే విలుకాడు, చైత్రుడు విలుకాడే

ఈ రకాలను మన దేశంలో చాలా ముందే విడదీసి పెట్టారు. సంస్కృతంలో మన ఏకారం చేసే పనిని 'ఏవ' చేస్తుంది. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ 'ఏవ' వాక్యంలో దేనికి అంటుకుంటే ఏమి తోసిపుచ్చుతుందో మూడు ఉదాహరణలతో చూపించాడు. 'పార్థ ఏవ ధనుర్ధరః', 'చైత్రో ధనుర్ధర ఏవ', 'నీలం సరోజం భవత్యేవ'. తర్కశాస్త్రం చదివినవాళ్లకు ఇవి కొట్టినపిండి. ఇంగ్లీషు పాఠంలో ఇవి ఎందుకు రావో నాకు అర్థం కాదు.

మొదటిది 'పార్థుడే విలుకాడు'. ఏవ పార్థుడికి అంటుకుంది. విలువిద్య ఇంకెవరికీ లేదని ఇతరులను తోసేస్తుంది. ఇంగ్లీషులో 'ఓన్లీ పార్థ ఈజ్ యాన్ ఆర్చర్'. ఓన్లీకి ఇది సొంత ఇల్లు.

రెండోది 'చైత్రుడు విలుకాడే'. ఇక్కడ ఇతరుల ఊసు లేదు. చైత్రుడు విలుకాడు అవునా కాదా అన్న సందేహాన్ని తోసేయడమే పని. లోకంలో ఇంకో వెయ్యిమంది విలుకాళ్లున్నా వాక్యం నిజమే. చైత్రుడికి వంట కూడా వచ్చినా నిజమే. దీన్ని మన అలవాటు ప్రకారం 'చైత్ర ఈజ్ యాన్ ఆర్చర్ ఓన్లీ' అంటే ఇంగ్లీషు చెవికి మొదటి అర్థమూ అందదు, రెండో అర్థమూ అందదు. 'చైత్రుడు ఉత్త విలుకాడు, అంతకు మించి ఏమీ కాదు' అనే మూడో అర్థం వచ్చి పడుతుంది. ఇక్కడ కావాల్సింది 'చైత్ర ఈజ్ ఇన్‌డీడ్ యాన్ ఆర్చర్'. మాట్లాడేటప్పుడైతే 'ఈజ్' మీద గొంతు పెంచితే సరిపోతుంది.

మూడోదానిలో ఏవ క్రియకు అంటుకుంది. తామర నీలంగా ఉండడమనేది అసలు జరగదేమో అన్న అనుమానాన్ని తోసేస్తుంది. మనకు దీనికి చక్కని పలుకుబడి ఉంది: 'నీలి తామరలు ఉండనే ఉన్నాయి'. ఇంగ్లీషులో 'లోటసెస్ డూ కమ్ ఇన్ బ్లూ'. ఆ 'డూ' లేకపోయినా వాక్యం నిలుస్తుంది. నిశ్చయం కోసమే దాన్ని తెచ్చి పెట్టారు.

మనకు మూడుచోట్లా ఒకే ఏకారం. ఇంగ్లీషుకు ఒకచోట ఓన్లీ, ఒకచోట ఇన్‌డీడ్ లేదా గొంతు ఊనిక, ఒకచోట డూ.

చైత్రుడి వాక్యంలో వచ్చిపడ్డ ఆ మూడో అర్థం మనవాళ్లకు ఎక్కువ నష్టం చేస్తుంది. ఓన్లీ ఒక హోదాకో వృత్తికో అంకెకో తగిలితే దాన్ని కిందికి లాగుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి 'మాది రైతు కుటుంబం, మీ ఇంట్లో ఏం చేస్తారు' అన్నదానికి 'మై ఫాదర్ ఈజ్ ఆల్సో ఏ ఫార్మర్ ఓన్లీ' అంటుంది. ఆమె అనుకున్నది 'మా నాన్న కూడా రైతే'. ఎదుటి మనిషి ఊరు కబుర్లకు కలుపుగోలుగా ఇచ్చిన జవాబు. తెలుగు తెలియని చెవికి అది 'మా నాన్న ఏదో మామూలు రైతు' అని వినిపిస్తుంది. తండ్రిని తగ్గించాలని ఆ అమ్మాయి కలలో కూడా అనుకోదు. 'మై ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్ టూ' అంటే చాలు. ఆ 'టూ'లోనే 'కూడా', 'రైతే' రెండూ ఇమిడిపోతాయి. అలాగే 'ఐ వర్క్‌డ్ ఇన్ టెస్టింగ్ ఓన్లీ' అంటే టెస్టింగ్‌లోనే చేశానని గట్టిగా చెప్పుకున్నట్టు మనకు, ఇంకేమీ రాదని ఒప్పుకున్నట్టు వాళ్లకు.

నోటి దాకా వచ్చినప్పుడు

మరి నోటి దాకా వచ్చిన ఓన్లీ సరైనదో కాదో ఆ క్షణంలో ఎలా తేల్చుకోవాలి? తెలుగు వాక్యం వెనకాలే 'ఇంకెవరూ కాదు', 'ఇంకేదీ లేదు', 'అంతకు మించి లేదు' అని తగిలించి చూడాలి. 'నీకే చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పను.' అతికింది, కాబట్టి 'ఐ యామ్ టెలింగ్ ఓన్లీ యూ'. 'పది రూపాయలే ఉన్నాయి, అంతకు మించి లేవు.' అతికింది. 'నేను ఇక్కడే ఉన్నా, ఇంకెక్కడా లేను.' ఇది వినడానికే వింతగా ఉంది, మనిషి ఒకేసారి రెండుచోట్ల ఉండడు కదా. అతకలేదంటే ఓన్లీ వద్దు. 'ఐ యామ్ రైట్ హియర్'.

ఓన్లీ వద్దని తేలాక దాని బదులు ఏం పెట్టాలన్నది అసలు పని. చోటుకైతే 'రైట్' చాలా ఉపయోగం. ఇక్కడే రైట్ హియర్, అక్కడే రైట్ దేర్, గుడి పక్కనే రైట్ నెక్స్ట్ టు ద టెంపుల్. 'అదే' అన్న మాట రెండు రకాలు. మొన్న చూసిన మనిషే అయితే 'ద సేమ్ మ్యాన్'. నేను చెప్పిందీ అదే అయితే 'దట్స్ ఎగ్జాక్ట్‌లీ వాట్ ఐ సెడ్'. మనం అనే 'ఐ సెడ్ దట్ ఓన్లీ' అవతలివాళ్లకు 'నేను అదొక్కటే అన్నాను, ఇంకేమీ అనలేదు' అని సంజాయిషీలా వినిపిస్తుంది.

'నేనే చేశాను' దగ్గర జాగ్రత్త కావాలి. ఎవరి సాయమూ లేకుండా చేశాననా? అయితే 'ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్'. చేసిందెవరు అన్న ప్రశ్నకు జవాబా? అయితే 'ఐ యామ్ ద వన్ హూ డిడ్ ఇట్'. దీనికి తెలుగులోనే ఒక మెట్టు ఉంది. 'నేనే చేశాను' అన్నదాన్ని 'చేసింది నేనే' అని తిప్పి చూడండి. తిప్పినా మీ ఉద్దేశం చెడకపోతే ఇంగ్లీషులోనూ ఆ తిప్పిన వాక్యమే కావాలి: 'పిలిచింది మా అన్నయ్యే' అంటే 'ఇట్ వాజ్ మై బ్రదర్ హూ కాల్డ్'. ఈ వాక్యం మనకు కొత్త కాదు, ఇంట్లో రోజూ వాడేదే. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మర్చిపోయి 'మై బ్రదర్ ఓన్లీ కాల్డ్' అంటున్నాం. దానికి 'మా అన్నయ్య ఫోన్ చేశాడంతే, రాలేదు' అనే అర్థం కూడా వస్తుంది.

క్రియ మీద పడిన ఏకారానికి ఒక్కోదానికి ఒక్కో దారి. 'చెబుతూనే ఉన్నాను' అంటే 'ఐ కీప్ టెలింగ్ యూ'. 'రానే లేదు' అంటే 'హీ డిడ్ నాట్ కమ్ ఎట్ ఆల్', లేదా ఎదురుచూపు ఉంటే 'హీ నెవర్ కేమ్'. 'చూడగానే' అంటే 'యాజ్ సూన్ యాజ్'. 'ఇప్పుడే వచ్చాను' అంటే 'ఐ హావ్ జస్ట్ కమ్'. 'ఇప్పుడే వస్తాను' అంటే 'ఐ విల్ బి రైట్ బ్యాక్'. రెండింట్లోనూ ఉన్నది 'ఇప్పుడే' అయినా ఇంగ్లీషులో రెండు మాటలు. 'బాగానే ఉంది' మరీ సున్నితం. దాంట్లో మెచ్చుకోలు కొంత, 'మరీ అంత కాదు' అన్న వెనకడుగు కొంత. 'ఇట్స్ గుడ్ ఓన్లీ' ఏదీ చెప్పదు. మెచ్చుకోలు ఎక్కువైతే 'ఇట్స్ క్వైట్ గుడ్', వెనకడుగు ఎక్కువైతే 'ఇట్స్ ఆల్ రైట్'.

ఓన్లీ వద్దన్నారని చాలామంది 'ఇట్సెల్ఫ్' పట్టుకుంటారు. 'టుడే ఇట్సెల్ఫ్', 'హైదరాబాద్ ఇట్సెల్ఫ్'. రోగం అదే, మందు మారింది. ఇంగ్లీషులో ఇట్సెల్ఫ్ ఒక వస్తువును దాని చుట్టూ ఉన్నవాటి నుంచి వేరు చేస్తుంది: 'ద హౌస్ ఇట్సెల్ఫ్ ఈజ్ ఫైన్, ద రోడ్ ఈజ్ ద ప్రాబ్లమ్'. 'ఈ రోజే పంపుతా'కు కావాల్సింది 'ఐ విల్ సెండ్ ఇట్ టుడే', తొందర చూపించాలంటే 'బిఫోర్ ద ఎండ్ ఆఫ్ ద డే'.

రోజులతో, గంటలతో

శుక్రవారం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే పెద్ద దెబ్బ తగిలేది కాలం దగ్గరే. ఒక పని జరిగే కాలానికి ఓన్లీ తగిలితే దాని అర్థం 'అంతకు ముందు కాదు'. 'ఓన్లీ ఆన్ ఫ్రైడే' అంటే శుక్రవారానికి ముందు కాదు. 'ఓన్లీ యెస్టర్‌డే' అంటే నిన్నటికి ముందు కాదు. మన 'శుక్రవారమే' చాలాసార్లు సరిగ్గా అటువైపు చూస్తుంది: అంతకు తర్వాత కాదు.

'నిన్ననే' తీసుకోండి. 'నిన్ననే పెళ్లయింది' అంటే ఇంకా పందిరి కూడా విప్పలేదని. ఇది 'ఓన్లీ యెస్టర్‌డే'కు సరిపోతుంది. 'నిన్ననే ఇచ్చేశాను కదా' అంటే ఆలస్యం చేయలేదు, ముందే ఇచ్చానని. దీన్ని 'ఐ గేవ్ ఇట్ యెస్టర్‌డే ఓన్లీ' అన్నామా, 'నిన్నటిదాకా ఇవ్వలేదు' అని మన మీద మనమే నేరం మోపుకున్నట్టు. కావాల్సింది 'ఆల్రెడీ': 'ఐ ఆల్రెడీ గేవ్ ఇట్ టు యూ యెస్టర్‌డే'. ముందుకాలానికైతే 'బై'. 'వుయ్ విల్ హావ్ ఇట్ రెడీ బై ఫ్రైడే'. అనుకున్నదానికంటే త్వరగా అని ఊనిక కావాలంటే 'యాజ్ ఎర్లీ యాజ్ ఫ్రైడే'.

ఇంగ్లీషు 'ఓన్లీ ఆన్ ఫ్రైడే'ని తెలుగులోకి తేవాల్సి వస్తే మనకు వేరే నిర్మాణం ఉంది, అది 'గానీ'. 'శుక్రవారం గానీ ఇవ్వలేం', 'పొద్దెక్కితే గానీ లేవడు'. ఈ 'గానీ' ఉండి పక్కన 'లేదు', 'కాదు' లాంటి వ్యతిరేకం ఉంటే కళ్లు మూసుకుని ఓన్లీ గానీ 'నాట్ అంటిల్' గానీ వాడొచ్చు.

ఒక మినహాయింపు ఉంది. గడియారం చూసి సమయం చెప్పేటప్పుడు ఓన్లీ అర్థం 'ఇంకా'. 'ఇట్స్ ఓన్లీ ఫైవ్' అంటే 'ఇంకా ఐదే అయింది'. అక్కడ మన ఏకారం, వాళ్ల ఓన్లీ చక్కగా కలిసిపోతాయి. అంకెల దగ్గర ఇవి రెండూ మామూలుగా మిత్రులే.

వాక్యం ఓన్లీతో మొదలైతే క్రియ తిరగబడుతుందని పోటీ పరీక్షలు రాసేవాళ్లందరికీ తెలుసు. 'ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ వుయ్ లీవ్.' తిరగబడాల్సింది అసలు వాక్యం, వాన వాక్యం కాదు. 'ఓన్లీ ఆఫ్టర్ డిడ్ ద రెయిన్ స్టాప్' అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే చాలు. ఓన్లీ కర్తకు అంటుకుంటే అసలు తిరగబడదు: 'ఓన్లీ రవి నోస్'. 'ఓన్లీ డజ్ రవి నో' అనేది లేదు. ఇంతవరకు గైడ్లలో ఉంటుంది. వాటిలో అంతగా కనబడని సంగతి ఒకటి చెప్పాలి. 'ఓన్లీ యెస్టర్‌డే ఐ సా హిమ్' అన్నా, 'ఓన్లీ యెస్టర్‌డే డిడ్ ఐ సీ హిమ్' అన్నా రెండూ ఒప్పే, కానీ అర్థాలు వేరు. మొదటిది 'నిన్ననే చూశాను', నిన్నగాక మొన్నటి మాట అన్నట్టు. రెండోది 'నిన్న గానీ చూడలేదు', అంతవరకు చూసే వీలు కాలేదన్నట్టు. తెలుగులో ఏకారానికీ 'గానీ'కీ ఉన్న తేడాను ఇంగ్లీషు క్రియను తిప్పడం ద్వారా చూపిస్తోంది. ఇది తెలుగు పిల్లలకు రెండు నిమిషాల్లో చెప్పగలిగిన విషయం. తెలుగు ఊసెత్తకుండా నేర్పడం వల్ల రెండేళ్లయినా పట్టుబడదు.

ముందా, వెనకా

ఏకారం మాటకు వెనక వస్తుంది, ఓన్లీ మామూలుగా ముందు వస్తుంది. 'సీతే రవికి వంద రూపాయలు అప్పిచ్చింది', 'సీత రవికే ఇచ్చింది', 'వంద రూపాయలే ఇచ్చింది', 'అప్పే ఇచ్చింది'. మనకు ఏకారం ఏ మాటకు తగిలితే అర్థం అక్కడ తేలిపోతుంది. ఇంగ్లీషులో 'ఓన్లీ సీత' ఒక్కటి విడిగా ఉంటుంది. మిగతా మూడింటికీ మాటల్లో 'సీత ఓన్లీ లెంట్ రవి ఏ హండ్రెడ్ రుపీస్' అనే ఒక్క వాక్యంతో సరిపెట్టి, కావాల్సిన మాట మీద గొంతు ఊని తేడా చూపిస్తారు. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి రాసేటప్పుడు ఓన్లీని ఆ మాట పక్కకే తేవడం క్షేమం: 'లెంట్ ఓన్లీ ఏ హండ్రెడ్ రుపీస్'.

అలాగని ప్రతి వాక్యంలోనూ దాన్ని అంగుళం అంగుళం జరపాలని పట్టుబట్టేవాళ్లతోనూ నేను ఏకీభవించను. 'హీ ఓన్లీ డైడ్ ఏ వీక్ ఎగో' తప్పని, 'హీ డైడ్ ఓన్లీ ఏ వీక్ ఎగో' అనాలని పట్టుదల చూపిన పండితులను 1926లోనే ఇంగ్లీషు నిఘంటుకారుడు ఫౌలర్ తన వాడుక నిఘంటువులో గట్టిగా ఎదిరించాడు. అపార్థానికి తావు లేనిచోట సహజంగా వచ్చే వరసను చెడగొట్టొద్దన్నది ఆయన వాదన. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లకే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు మన పిల్లలను స్థానం పేరు చెప్పి భయపెట్టడం అన్యాయం.

చివర వచ్చే ఓన్లీ కూడా తప్పేమీ కాదు. చెక్కు మీద 'రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ' అని రాస్తాం. ఆ తర్వాత ఎవరూ ఇంకో మాట చేర్చడానికి వీల్లేకుండా తలుపేయడం దాని పని. బోర్డుల మీద 'స్టాఫ్ ఓన్లీ', అద్దె ఒప్పందంలో 'ఫర్ రెసిడెన్షియల్ పర్పసెస్ ఓన్లీ', ఇవన్నీ శుభ్రమైన ఇంగ్లీషు. బస్సులో 'స్త్రీలకు మాత్రమే' ఎంత సరైనదో ఇవీ అంతే. వీటన్నిటిలోనూ 'ఇంకెవరికీ, ఇంక దేనికీ కాదు' అనే అర్థం నిక్కచ్చిగా ఉంది. అందుకే చివర ఉన్నదా మధ్యలో ఉన్నదా అని తర్జనభర్జన పడడం వృథా అంటున్నాను.

మాత్రం వేరు

ఇక్కడే ఇంకో పేచీ తీర్చుకోవాలి. ఓన్లీని 'మాత్రం' అని నేర్పే పుస్తకాలూ ఉన్నాయి. 'మాత్రం', 'మాత్రమే' ఒకటి కావు. 'నేను మాత్రమే రాను' అంటే మిగతా అందరూ వస్తున్నారు. 'నేను మాత్రం రాను' అంటే మీ సంగతి మీ ఇష్టం, నా సంగతి ఇది. రెండోదానికి ఇంగ్లీషు 'ఐ, ఫర్ వన్, యామ్ నాట్ కమింగ్'. దాన్ని 'ఓన్లీ ఐ యామ్ నాట్ కమింగ్' అంటే ఇంకెవరెవరు వస్తున్నారో మనమే తేల్చేసినట్టు. 'అంత మాత్రాన' అంటే 'జస్ట్ బికాజ్ ఆఫ్ దట్'. 'ఏమాత్రం లేదు' అంటే 'నాట్ ఎట్ ఆల్'. మాత్ర అంటే కొలత. ఆ కొలతను బట్టి ఇన్ని పలుకుబడులు వచ్చాయి.

ఓన్లీకి ఉన్న మిగతా జతలు త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే వాటికి తెలుగులో సరిజోడులు ఉన్నాయి. 'ఓన్లీ ఇఫ్' అంటే 'చెబితేనే', 'పడితేనే'లో ఉన్న 'తేనే'. 'ఇఫ్ ఓన్లీ' అంటే 'ఒక్క మాట చెప్పి ఉంటే!' అన్న నిట్టూర్పు. 'ఓన్లీ టు ఫైండ్' అంటే మన 'తీరా': పరుగెత్తుకుంటూ స్టేషనుకు వెళ్లాడు, తీరా చూస్తే బండి వెళ్లిపోయింది. వాక్యం మధ్యలో కామా తర్వాత వచ్చే ఓన్లీ మన 'కాకపోతే': 'ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హావ్ వర్క్'. తిరకాసు ఉన్నది 'ఓన్లీ టూ'లో. 'ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్' అంటే కొంచెమే సంతోషమని కాదు, ఎంతో సంతోషమని. ఉత్తరాల్లో ఇది చూసి నొచ్చుకోవద్దు.

మన ఇంగ్లీషు మనది కాదా

దీనికి బలమైన ఎదురువాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. హిందీవాళ్ల 'హీ', తమిళుల 'తాన్', కన్నడిగుల ఏకారం, మలయాళీల 'తన్నె', అన్నీ కలిసి ఈ ఓన్లీని దేశమంతటి వాడుకగా మార్చేశాయి. భారతీయ ఇంగ్లీషును పరిశీలించిన భాషాశాస్త్రజ్ఞులు దీన్ని తప్పుగా లెక్కపెట్టరు, ఊనికను చూపే గుర్తుగా వర్ణిస్తారు. అమెరికావాళ్లకు వాళ్ల పలుకుబడి ఉన్నప్పుడు మనకు మనది ఉండకూడదా? విజయవాడ మనిషి, చెన్నై మనిషి, నాగపూర్ మనిషి కలిసి 'ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ దేర్ ఓన్లీ' అనుకుంటే ముగ్గురికీ పూర్తిగా అర్థమవుతుంది. అలాంటి చోట సరిదిద్దబోవడం మర్యాద కూడా కాదు. ఈ మాట మీద పుట్టే వెక్కిరింతలు నాకు రోత. వెనక ఒక భాష తర్కం పనిచేస్తున్న మనిషిని చూసి నవ్వడానికి ఏముంది?

కానీ శుక్రవారం వాక్యం వెక్కిరింతకు సంబంధించింది కాదు. మన వాడుక తెలియని మనిషి అవతల ఉన్నప్పుడు అది యాస తేడాగా మిగలదు, అర్థమే మారిపోతుంది. 'ఐ ప్రిపేర్డ్ ద రిపోర్ట్ ఓన్లీ' అని రాస్తే మిగతా పనులు చేయలేదని లెక్క కడతారు. ఇంటర్వ్యూలో, ఒప్పందంలో, డాక్టరు దగ్గర, వీసా కిటికీ దగ్గర ఇది చిన్న విషయం కాదు. రెండు వాడుకలూ చేతిలో ఉండాలి. ఎక్కడ ఏది పెట్టాలో తెలియాలంటే ముందు తెలుగు ఏకారం ఏం చేస్తోందో తెలియాలి. నేర్పేవాళ్లకు నా మనవి ఇదొక్కటే: బోర్డు మీద 'ఓన్లీ = మాత్రమే' అని రాసి వదిలేయకుండా, పక్కన 'ఇక్కడే', 'నేనే', 'నిన్ననే', 'బాగానే', 'రానే లేదు' అని ఐదు మాటలు రాసి, ఒక్కోదాన్ని ఇంగ్లీషులో ఎలా అంటారో పిల్లలతోనే చెప్పించండి.

ఇంత చెప్పాక కూడా ఇంగ్లీషులోకి పోనని మొండికేసే ఏకారాలు ఉన్నాయి. 'చెప్పిందే చెబుతాడు' ఎలాగోలా 'హీ సేస్ ద సేమ్ థింగ్ ఓవర్ అండ్ ఓవర్' అయి వెళ్లిపోతుంది. 'ఎంతైనా అమ్మ అమ్మే' దగ్గర ఆగిపోతాం. 'ఏ మదర్ ఈజ్ ఏ మదర్, ఆఫ్టర్ ఆల్' అంటే 'ఎంతైనా' వచ్చింది, అమ్మ రెండుసార్లూ వచ్చింది. ఆ చివరి ఏకారం మాత్రం రాలేదు. దాన్ని పట్టుకోవడానికి ఇంగ్లీషువాడు 'ఈజ్' మీద గొంతు కాస్త బరువుగా ఆనిస్తాడు, రాసేటప్పుడు ఆ అక్షరాలను వాలుగా వేస్తాడు.